కొల్లేట్లో హక్కుల చదువు

మా తాడేపల్లిగూడెం నుంచి జనం ఎక్కడెక్కడికో వెళ్లొస్తుంటారు. స్విట్జర్లాండ్ వెళ్లొచ్చినవాళ్లు అక్కడ మంచు తెల్లగా ఉందని రాస్తారు. దుబాయ్ వెళ్లొచ్చినవాళ్లు అక్కడ ఎండగా ఉందని రాస్తారు. నేను కొల్లేరు వెళ్లొచ్చాను. పొద్దున్నే ఇడ్లీ తిని బయల్దేరితే చేపల పులుసు వేళకి చేరిపోయే దూరం. ఇదీ ఒక యాత్రేనా అని మూతి విరిచేవాళ్లని ఒకటే అడుగుతాను. మీలో ఎంతమంది వెళ్లారు? కారులో పోతూ "అదిగో కొల్లేరు" అని పిల్లలకి ఎవరిదో చేపల చెరువు చూపించడం కాదు. దోనెలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుని వెళ్లారా? లేదు కదా. అయితే వినండి. నా మాటల్లో కొంత కల్తీ ఉంటుందని మా ఊళ్లో ఒక అపవాదు ఉంది. ఈసారి దోమల సంగతి తప్ప మిగతాదంతా నిజం.

గూడెంలో బస్సు

నేను లాయర్ని. పెంటపాడు రైతుల గట్టు తగాదాలే నాకు అన్నం పెడుతున్నాయి. అన్నదమ్ములు జానెడు గట్టు కోసం కొట్టుకున్నంత కాలం నాకు లోటు లేదు. కానీ కోర్టులో నా పక్క టేబుల్ ఆయన బోర్డు మీద పేరు కంటే పేరు వెనక అక్షరాలు పొడుగు. వాటిని చూసి కక్షిదారులు అటు తిరగడం మొదలుపెట్టారు. నేనూ నాలుగు అక్షరాలు తగిలిద్దామని, యాభైకి దగ్గరపడ్డాక, అంతర్జాతీయ మానవ హక్కుల చట్టంలో పీజీకి చేరాను. ఆ కోర్సే ఎందుకంటారా? ట్యాక్సు కోర్సులో సీట్లు లేవు. మానవ హక్కుల కోర్సులో మనుషులు లేరు.

అక్కడ నాకు బోధపడింది ఇదీ: మనిషికి బోలెడు హక్కులున్నాయి, అవన్నీ జెనీవాలో భద్రంగా ఉన్నాయి. మాకు పాఠం చెప్పే ప్రొఫెసర్ గారు ఒకసారి ఆ ఊరు వెళ్లి కొన్నాళ్లు ఉండి వచ్చారు. ఆనాటి నుంచీ "జెనీవాలో అయితే" అనకుండా ఆయన వాక్యం మొదలుపెట్టరు. క్యాంటీన్లో వడ చల్లారిపోయిందన్నా జెనీవాని తలుచుకుని నిట్టూరుస్తారు. మేం ఆయన్ని జెనీవా గారు అని పిలుచుకునేవాళ్లం. ఇక్కడా అలాగే పిలుస్తాను.

డిగ్రీ రావాలంటే ప్రతి విద్యార్థీ ఒక ఊరు వెళ్లి, జనంతో మాట్లాడి, పరిశోధన వ్యాసం రాయాలి. దాని మీద జెనీవా గారు సంతకం పెట్టాలి. నాకైతే సంతకం వస్తే కొత్త బోర్డు, రాకపోతే పాత బోర్డు. నాతో బయల్దేరిన షాహినా సంగతి అలా కాదు. ఏలూరు అమ్మాయి, పాతికేళ్లు నిండలేదు. ఒక లా కాలేజీ వాళ్లు లెక్చరర్ ఉద్యోగం ఇస్తామన్నారు. వేసవి సెలవులు అయ్యేలోపు సంతకం పెట్టిన వ్యాసం చూపిస్తేనే చేర్చుకుంటామన్నారు. ఆ పిల్ల ఎంచుకున్న విషయం కొల్లేటి లంకల్లో ఆడవాళ్లకి తమ మాట తాము చెప్పుకునే హక్కు ఉందా లేదా అన్నది. నా విషయమూ కొల్లేరే. ఎందుకంటే ఆటో చార్జీ సగం పడుతుంది.

బస్సెక్కాను. మా ఊరి ఉల్లి మార్కెట్ దాటుతుంటే బస్సంతా ఏడుపు. ఘాటు మరి. కండక్టరు కన్నీళ్లు తుడుచుకుంటూ టికెట్లు కొడితే, పాపం ఇంట్లో ఎవరో పోయారనుకుని వెనక సీటావిడ ఓదార్చింది.

దెందులూరు దగ్గర పక్క సీట్లోకి ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నారు. ఒళ్లో చేపల మేత సంచి.

"ఏవండీ, ఎందాకండి?"

"కొల్లేరండి. చదువు పని మీద."

"ఈ వయసులోనాండి! ఏం చదువుతున్నారండి?"

"మానవ హక్కులండి."

"ఉద్యోగం వస్తుందాండి?"

"రాదండి."

ఆయన కాసేపు కిటికీలోంచి వరి చేలు చూశారు. తర్వాత ఆడమనిషినని నా భుజం తట్టలేక సీటు తట్టారు. "మీరేం బాధపడకండి. మా అల్లుడు కూడా ఇలాంటిదే ఏదో చదివాడండి. తర్వాత బాగుపడ్డాడు."

ఏలూరులో పలావు

షాహినా వాళ్ల నాన్న కరీం గారిది తివాచీల పని. ఇంటి ముందు గదిలోనే మగ్గం. దారాల బంతుల మధ్య దారి చేసుకుని వంటింటి దాకా వెళ్లాలి. నేను జాగ్రత్తగానే నడిచాను. అయినా ఎర్ర దారం ఒకటి నా చెప్పుకి తగులుకుని వంటింటి దాకా వచ్చింది. కరీం గారు దాన్ని వెనక్కి చుట్టుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగారు.

"లాయరు గారూ, నేరుగా మగ్గం మీదే కూర్చోవచ్చు కదండీ. మిమ్మల్ని కూడా నేసేస్తాను."

అన్నం దగ్గర మా ఇంటికీ ఆ ఇంటికీ తేడా తెలిసింది. మా వైపు అతిథికి "ఇంకొంచెం వేసుకోండి" అని గిన్నె చూపిస్తాం. అతిథి వద్దంటాడు, మనం మూత పెట్టేస్తాం. మర్యాద దక్కుతుంది, కూర మిగులుతుంది. ఇక్కడ ఆ నాటకం లేదు. షాహినా అమ్మగారు అడగరు. పలావు, దాల్చా, పలావు, దాల్చా. నేను చేతులు అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వేశారు.

"మా అమ్మాయి ఈ చదువులో చేరినప్పట్నుంచి ఇంట్లో నాకు టీవీ రిమోట్ మీద హక్కు లేదండి," అన్నారు కరీం గారు.

"నీకు బాధ్యతలున్నాయి అబ్బాజాన్," అంది షాహినా.

ఆయన నవ్వి, నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. "ఈ ఉద్యోగం దానికి చాలా ముఖ్యమండి. మా వైపు వాళ్లు అడుగుతున్నారు, ఆడపిల్ల లాయరైతే కోర్టుకెళ్లాలి, కోర్టుకి కూడా వెళ్లకుండా ఏం చదువిదని. లెక్చరరంటే నోరు మూస్తారు. మీరు పెద్దవారు, దగ్గరుండి సంతకం అయ్యేలా చూడండి."

అలాగేనన్నాను. పలావు తిన్న నోరు కాదంటుందా?

నీటి అంచున జెనీవా

మర్నాడు జెనీవా గారు కూడా వచ్చారు. క్షేత్ర పర్యటనకి గైడు వెంట ఉండాలని రూలు. తెల్ల బూట్లు, మెడలో కెమెరా, నెత్తిన టోపీ. ఆటోలో కూర్చున్నంతసేపూ ఆయన చెరువులు చూసి "అద్భుతమైన సరస్సు" అంటూ ఫొటోలు తీశారు. ఆటో డ్రైవరు ఓపిగ్గా చెప్పాడు. "అది కొల్లేరు కాదండి, భీమవరం ఆయన రొయ్యల చెరువండి." ఇంకొంచెం వెళ్లాక "ఇదీ కాదండి." ఇంకొంచెం వెళ్లాక చెప్పడం మానేశాడు. అసలు కొల్లేరు ఎక్కడని ఆ దారిలో ఎవర్నడిగినా ముందున్న గట్టు చూపించి "దాని అవతలండి" అంటారు. అవతల ఇంకో గట్టు ఉంటుంది. ఆ సరస్సుని చూడటం కంటే మా మున్సిఫ్ కోర్టులో తీర్పు చూడటం సులువు.

చివరికి రేవు వచ్చింది. గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉంది. దాని మధ్య తాటి మాను తొలిచి చేసిన దోనె. బేరం తమాషాగా ఉంటుంది. వెళ్లడానికి వంద, రావడానికి రెండు వందలు. అదేమని అడిగితే దోనె మనిషి, "వెళ్లకపోయినా బతకొచ్చండి, రాకపోతే ఎలాగండి?" అన్నాడు.

జెనీవా గారు దోనెని నాలుగు వైపులా చూశారు.

"లైఫ్ జాకెట్ ఏది?"

"ఉందండి," అని దోనె మనిషి గెడకర్ర చూపించాడు.

"జెనీవాలో అయితే ఇది జీవించే హక్కుకి భంగం," అని జెనీవా గారు వెనక్కి అడుగేశారు. వెనక నేల లేదు. అంటే ఉంది, బురద రూపంలో. మోకాలి దాకా దిగిన కాలు వచ్చింది కానీ తెల్ల బూటు రాలేదు. ఇద్దరు మనుషులు చెయ్యి పెట్టి వెతికారు. రెండు పీతలు దొరికాయి. ఆయన ఒంటి బూటుతోనే ఆటో ఎక్కి ఏలూరు హోటల్‌కి వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ షాహినాకి చెప్పారు. "బాధితురాలి గొంతు నేరుగా వినిపించాలి. పేరు, ఊరు, సంతకం ఉండాలి. అవి లేకపోతే నా సంతకం ఉండదు. నేను ఫోన్లో అందుబాటులో ఉంటాను."

ఒకే నోరున్న ఊరు

ఆ లంక పేరు రాయను. ఎందుకు రాయనో మీకే తెలుస్తుంది. ఇక్కడి మనుషుల పేర్లు కూడా నేను మార్చినవే.

ఊళ్లో అడుగుపెట్టగానే ఆడవాళ్లు తలుపుల వెనక్కి, మగవాళ్లు పేపర్ల వెనక్కి తప్పుకున్నారు. షాహినా ఎవర్ని పలకరించినా ఒకటే జవాబు. "ఏడుకొండలు గారున్నారండి, ఆయన చెప్తారండి." అది ఆ ఊరి కట్టుబాటు. ఒకప్పుడు సర్వేవాళ్లొచ్చి అడిగితే ఇంటికో మాట చెప్పారట. దాంతో ఊరి చెరువు చేజారబోయిందట. అప్పట్నుంచి బయటివాళ్లతో ఊరు ఒప్పుకున్న మనిషే మాట్లాడాలి. ఇంకెవరు నోరు తెరిచినా తప్పు కట్టాలి, అంటే జరిమానా. కట్టనివాళ్ల ఇంటికి నిప్పూ నీళ్లూ ఉండవు. మా గూడెంలో ఈ కట్టుబాటు పెడితే ఊరంతా మర్నాటికి ఛాతీ నొప్పితో ఆస్పత్రిలో ఉంటుంది.

ఏడుకొండలు గారికి అరవై ఉంటాయి. ఉతికిన పంచె, భుజాన తువ్వాలు, ప్లాస్టిక్ కుర్చీ.

"ఏ హక్కులండి?" అని అడిగారు, కూర ఏం కావాలని హోటల్లో అడిగినట్టు. "బతుకు హక్కా, నీటి హక్కా, పిట్టల హక్కా?"

"బతుకు హక్కండి," అంది షాహినా.

ఆయన కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. కొల్లేటిని ఆక్రమించాయని చేపల చెరువుల గట్లు బాంబులతో పేల్చడానికి ప్రభుత్వం వచ్చిన ఏడు, వాళ్లమ్మ గట్టు మీద కూర్చుని "నన్నూ కలిపి పేల్చండి" అందట. నలుగురు లాగినా లేవలేదట. మూడో రోజుకి ప్రాణం పోయిందట. పిడికిట్లో గట్టు మట్టి అలాగే ఉందట. ఇక్కడ ఆపారు. తువ్వాలు ఎడమ కంటికి అద్దుకున్నారు. షాహినా వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, అసూయ వచ్చింది. ఆ ఆపడం ఉంది చూశారూ, నేను ఇన్నేళ్లు కోర్టులో నిలబడినా నాకు పట్టుబడని విద్య అది.

భోజనం కాగానే ఇంకో దోనె వచ్చింది. పక్షుల మీద పరిశోధన చేసే కుర్రాళ్లు. ఏడుకొండలు గారు మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. గట్లు పేల్చిన ఏడు ఒక గూడబాతు గూడు మీంచి లేవలేదట. నలుగురు తోలినా లేవలేదట. మూడో రోజుకి ప్రాణం పోయిందట. ముక్కున పుల్ల అలాగే ఉందట. ఆపారు. ఎడమ కన్ను.

కుర్రాళ్లు వెళ్లాక అడిగాను. "ఏవండీ, పోయింది అమ్మగారా, గూడబాతా?"

"ఆ ఏడు పోనిదేముందండి?" అన్నారాయన, రెప్ప వాల్చకుండా. "మీరు లాయరు గారంట కదా. మీరు కోర్టులో అందరి దగ్గరా ఒకే కథ చెప్తారాండి?"

సాయంత్రం వాళ్లింట్లోనే మాకు భోజనం. ఇంగిలాయి చేపల పులుసు. మా వైపు పులుసులో బెల్లం ముక్క వేసి చేపని బుజ్జగిస్తాం. ఇక్కడ చేపకీ మనిషికీ కూడా బుజ్జగింపు లేదు, కారం నేరుగా నడినెత్తికి వెళ్లింది. వడ్డించిన ముసలావిడ చురుగ్గా ఉంది.

"ఈవిడెవరండి?"

"మా అమ్మండి."

షాహినా చేతిలో ముద్ద ఆగిపోయింది. "గట్టు మీద పోయారన్నారు కదండీ!"

"ఆ అమ్మ కథలోదండి. ఈ అమ్మ ఇంట్లోది," అన్నారు ఏడుకొండలు గారు. "పులుసు వేసుకోండి."

ఆ రాత్రి దోమలు నా దుప్పటిని తలో కొసా పట్టుకుని తీసుకుపోయాయి. తెల్లారి చూస్తే చూరు మీద చక్కగా ఆరేసి ఉంది. మీకు ముందే చెప్పాను.

దిద్దుబాటు

పొద్దున్నే షాహినా మొహం వేలాడేసుకుని కూర్చుంది. "ఇది రాయలేను ఆంటీ. అబద్ధమని తెలిశాక ఎలా రాస్తాను?" క్లాసులో అందరం స్నేహితులమేనని ప్రమాణాలు చేసుకున్నాం. నేను మాత్రం ఆంటీని.

"అబద్ధమైతేనేం, నాలాంటివాళ్లకి అదే ఆధారం," అన్నాను. "నేను రాసుకుంటున్నాను."

"నాకు ఆడవాళ్ల మాట కావాలి."

రేవు పక్కన నలుగురు ఆడవాళ్లు కత్తిపీటల ముందు కూర్చుని చేపలు బాగు చేస్తున్నారు. షాహినా వెళ్లి అడిగింది. "చెప్పకూడదండి," అని తలలు వంచుకున్నారు. బతిమాలింది. "తప్పేస్తారండి," అన్నారు.

చెప్పకూడదు సరే. తప్పు చెప్తుంటే విని ఊరుకోగలరా? గోదావరి జిల్లా ఆడదాని ముందు వంట తప్పుగా చెప్పి చూడండి, చావు మంచం మీదనుంచి అయినా లేచి దిద్దుతుంది. నేను ఓ బుట్ట బోర్లించుకుని కూర్చున్నాను.

"షాహినా, నేను చెప్తాను విను. కొల్లేటి ఆడది పొద్దున్నే లేచి కొల్లేటి నీళ్లు ముంచుకుని ఎసరు పెడుతుంది."

ఒకామె కిసుక్కున నవ్వింది. "ఎసరా! ఆ నీళ్లు గేదె కూడా మూతి పెట్టదండి. మంచినీళ్ల టిన్ను కొనుక్కుంటాం."

"చుట్టూ నీళ్లు పెట్టుకుని టిన్నేమిటి? నాకు తెలుసు. విను షాహినా. ఈలోగా మొగుడు వల విసిరి కొరమేను తెస్తాడు..."

"కొరమేనంటండే! చూసి ఎన్నాళ్లయిందే?"

"మా ఆయన వల చూరులో ఎలకలు కొట్టేస్తున్నాయండి. గట్టు మీద కాపలా పనికెళ్తున్నాడు, అవతలోడి చెరువుకి."

"మీ లాయరమ్మకి ఎవరు చెప్పేరండి ఇయ్యన్నీ?"

ఇక ఒకరి మాట ఒకరు తోసుకుంటూ దిద్దారు. నేను ఎంత తప్పు చెప్తే అంత నిజం వచ్చింది. ఆఖరికి నేను బాగా ఊపు మీదుండి అన్నాను. "ఏమైనా ఊరంటే ఇదే! ఊరి చెరువులో ప్రతి ఇంటికీ సమాన వాటా."

చివర కూర్చున్నామె చెయ్యి కత్తిపీట మీద నిలిచిపోయింది. ఆమెని నాగమణి అంటాను.

"ప్రతి ఇంటికీ కాదండి," అంది తల ఎత్తకుండా. "మగ దిక్కున్న ఇంటికి. మా ఆయన పోయినాక నా వాటా తీసేశారు. నాకిద్దరు ఆడపిల్లలు. ఊరి చెరువు పట్టుబడి రోజు చేపలు పట్టి ఇంటింటికీ పంచుతారు. మా గుమ్మం దాటి పక్కింటికి పోతారండి. పిల్లలు తలుపేసుకుని కూర్చుంటారు."

ఏడుకొండలు గారి కథలో ప్రభుత్వం ఉంది, బాంబులున్నాయి, గూడబాతులున్నాయి. నాగమణి గుమ్మం లేదు.

షాహినా ఫోను తియ్యలేదు. "ఇది నేను రాసుకోవచ్చా అక్కా?" అని మాత్రం అడిగింది. నాగమణి జవాబు చెప్పేలోపే గట్టు మీద ఎవరో దగ్గారు.

ఊరి తీర్పు

సాయంత్రం మైకులో పిలుపు. సామాజిక భవనం అరుగు మీద పెద్దలు, ఎదురుగా ఆడవాళ్లు నలుగురు, పక్కన మేం.

"ఎవరు మాట్లాడేరు?" అన్నారు ఏడుకొండలు గారు. ఆయన గొంతులో కోపం కంటే, సొంత దుకాణం ముందు ఇంకొకడు తోపుడుబండి పెట్టిన బాధ ఎక్కువ.

నేను లేచాను. రెండేళ్ల అంతర్జాతీయ చదువులో ఒక్క ఒప్పందం పేరూ ఆ క్షణం గుర్తు రాలేదు. గట్టు తగాదాలే గుర్తొచ్చాయి.

"అయ్యా, మీ కట్టుబాటు ఊరి సంగతి చెప్పకూడదంది. వీళ్లు చెప్పలేదు. చెప్పింది నేను. తప్పు చెప్పాను. వీళ్లు దిద్దారు. బయటి మనిషి ఊరి గురించి తప్పు చెప్తుంటే దిద్దకూడదని కట్టుబాటుందా? ఊరి పరువు కాపాడినందుకు జరిమానా వేస్తారా?"

పెద్దలు తర్జనభర్జన పడ్డారు. ఒకాయన, "లాయరమ్మ చెప్పింది పాయింటేరా," అన్నాడు. ఇంకొకాయన, "పాయింటే గానీ, రేపు ఊరికెవడొచ్చినా ఆడాళ్లు దిద్దడం మొదలెడితే?" అన్నాడు. చాలాసేపటికి తీర్పు వచ్చింది. జరిమానా లేదు. ఇకమీదట ఆడవాళ్లొచ్చి అడిగితే ఆడమనిషే జవాబు చెప్పొచ్చు. ఊరు తరఫున నాగమణిని ఒప్పుకుంటున్నాం.

నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పను, చెప్తే దోమల సంగతిలో కలిపేస్తారు. జెనీవా గారికి ఫోన్ చేశాం. "చూశారా, భాగస్వామ్య హక్కు! జెనీవాలో అయితే దీనికి పదేళ్లు పడుతుంది," అన్నారాయన. ఫోన్లో ఏసీ చప్పుడు వినిపించింది.

ప్లాస్టిక్ కుర్చీలో నాగమణి

మర్నాడు నాగమణి ఇస్త్రీ చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. పక్కన ఏడుకొండలు గారు పురోహితుడిలా నిలబడ్డారు. షాహినా ఫోను ఆన్ చేసింది.

"గట్లు పేల్చిన ఏడండి," అని మొదలుపెట్టింది నాగమణి, "మా అత్తగారు గట్టు మీద కూర్చుని, నన్నూ కలిపి పేల్చండి అందండి. నలుగురు లాగినా..."

ఎక్కడా తడబడలేదు. పిడికిట్లో మట్టి దగ్గర ఆపింది. పైట చెంగు ఎడమ కంటికి అద్దుకుంది. తర్వాత తన పేరూ ఊరి పేరూ చెప్పి, కాగితం మీద గుండ్రంగా సంతకం పెట్టింది. జెనీవా గారు కోరినవన్నీ అందులో ఉన్నాయి.

రేవు దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు షాహినా ఉండబట్టలేక అడిగేసింది. "అలా ఎందుకు చెప్పావక్కా? ఇప్పుడు నీకు చెప్పే హక్కుంది కదా!"

"వాటా ఇస్తామన్నారండి," అంది నాగమణి. "ఈసారి పట్టుబడికి చేప మా గుమ్మంలోనూ దించుతారు."

"మరి నిన్న చెప్పినవి?"

"నిన్నటివి నిజాలండి. ఇయ్యాళ్టిది పని." ఆమె దోనె అంచు పట్టుకుని ఆపింది. "నిన్నటివి కూడా రాసుకోండమ్మా. మీరు అడిగేరుగా. కానీ నా పేరూ, ఊరి పేరూ ఉండకూడదు. తెలిస్తే మళ్లీ గుమ్మం దాటి పోతారు."

తిరుగు దోనెకి రెండు వందలిచ్చాం. షాహినా దారంతా నీళ్లలోకి చూస్తూ కూర్చుంది. నేను గూడబాతుల్ని చూశాను. ఒక్కటీ ఏడవలేదు.

తిరిగొచ్చాక

నేను ఏడుకొండలు గారి కథనీ, నాగమణి సంతకం పెట్టిన కథనీ కలిపి వ్యాసం రాశాను. రెండు చోట్ల నేనూ కొంచెం ఉప్పు వేశాను. జెనీవా గారు చదివి కళ్లద్దాలు తుడుచుకున్నారు. "అంతర్జాతీయ ప్రమాణం," అని సంతకం పెట్టారు.

షాహినా ఆ సంతకం కథని పక్కన పారేసింది. పేర్లు లేని నాలుగు గొంతుల్ని, గుమ్మం దాటిపోయే చేపల్ని రాసింది. జెనీవా గారు నాలుగు పేజీలు తిప్పి బల్ల మీద పడేశారు. నేనక్కడే ఉన్నాను.

"పేరు లేదు, ఊరు లేదు. ఇది కల్పన. మీ ఆంటీ గారు అల్లిచ్చిందే కదా?"

"కాదు సర్. ఇదొక్కటే నిజం."

"ఆవిడ వ్యాసంలో పేరూ సంతకం ఉన్న బాధితురాలుంది. అది పెట్టుకో, ఇది తీసెయ్. ఇప్పుడే సంతకం పెడతాను."

నేను బల్ల కింద నుంచి షాహినా కాలు తొక్కాను. తీసెయ్యమని. కరీం గారి పలావు తిన్నదాన్ని. ఆ పిల్ల కాలు వెనక్కి తీసుకుంది. "ఆవిడ అబద్ధం చెప్పుకుంటే ఆవిడకి చేప వస్తుంది సర్. నేను అదే అబద్ధం రాస్తే నాకేమొస్తుంది, ఉద్యోగమేగా," అని కాగితాలు తీసుకుని లేచింది. ఆయన సంతకం పెట్టలేదు. ఇప్పుడు కార్మిక చట్టాలు చెప్పే మేడమ్ ఆ వ్యాసానికి గైడుగా ఉంటానన్నారు. జెనీవా ముఖం చూడని మనిషి. పేర్లు లేకపోవడానికి కారణమేమిటో ఒక అధ్యాయం రాసుకు రమ్మన్నారట. దానికి ఇంకో ఆరు నెలలు పడుతుంది.

సెలవులు అయిపోయాయి. ఆ లా కాలేజీ ప్రిన్సిపల్ గారు నాకు ఫోన్ చేశారు. "ఆ అమ్మాయి వ్యాసం తేలేదండి. మీది ప్రథమ శ్రేణి అని విన్నాం. ఆ పోస్టులో మీరు చేరతారా?"

ఉన్నదున్నట్టు చెప్తే ఆ కుర్చీలో మర్నాడే ఇంకెవరో కూర్చుంటారు. అందుకని నాకు చేతనైన పని చేశాను. షాహినా వ్యాసం ఇక్కడివాళ్లు తేల్చగలిగే స్థాయిది కాదని, జెనీవాలో ఒక సంఘం దాన్ని వాక్యం వాక్యం పరిశీలిస్తోందని, ఆరు నెలల్లో తిరిగొస్తుందని, ఈలోగా ఆ పిల్లని ఢిల్లీ వాళ్లు ఎగరేసుకుపోయే ప్రమాదముందని చెప్పాను. చివర ఏడుకొండలు గారిలా కాసేపు ఆపాను కూడా. ఈసారి బాగానే పట్టుబడింది.

ఆయన పోస్టు అలాగే ఖాళీగా ఉంచారు. కాలేజీ బ్రోచర్లో ఆ పిల్ల ఫొటో వేసి కింద జెనీవా అని కూడా రాయించారట. షాహినాకి ఇంకా తెలియదు. ఇది చదివాక నా మీద అరుస్తుంది, అరవనీండి. ప్రిన్సిపల్ గారితో మాత్రం భయం లేదు. ఆయన తెలుగు చదవరు.